నీ పేరు మీద ఉన్న లైను

ఆఫీసు గది,
సైకిల్ రిపేరు షాపు పైన.
ఎండలు ముదురుతున్న రోజులు.

అక్కా,

కాగితం మీద నా రాత చూసి నీకు నవ్వొస్తుందని తెలుసు. వీధులకి వీధులు ఇంటర్నెట్ ఇచ్చేవాడు స్టాంపు అంటించి ఉత్తరం రాయడమేమిటని ఇక్కడ నీ మరదలు ఇప్పటికే నవ్వింది. నవ్వనీ. ఇక మీదట నీకేం చెప్పాలన్నా ఇలాగే చెబుతాను. నువ్వూ ఇలాగే రాయి. ఫోన్లో బుజ్జిదాని చెయ్యి గురించి, ఎండల గురించి మాట్లాడుకుందాం, చాలు.

కొత్త చట్టం సంగతి పేపర్లో చదివే ఉంటావు. ఎవరు ఏ సైటు చూశారో, ఎప్పుడు ఎవరికి ఏం పంపారో మాలాంటి వాళ్ళందరం ఏడాది పాటు దాచిపెట్టాలి. అడిగిన మర్నాడు అప్పజెప్పాలి. అడిగారన్న సంగతి మాత్రం చచ్చినా ఎవరితోనూ అనకూడదు, అంటే జైలు. పెద్ద కంపెనీలకి ఇలాంటి పనులకోసమే మేడల నిండా మనుషులున్నారు. నాకున్నవి రెండు గదులు, ఒక నిచ్చెన, తన్నితే గానీ కదలని స్కూటరు.

పోయిన నెల ఇద్దరు వచ్చి ఒక పెట్టె బిగించిపోయారు. మర్యాదస్తులే, టీ ఇస్తే తాగి గ్లాసులు కూడా కడిగిపెట్టారు. పెట్టెకి సీలు వేశారు, నేను ముట్టుకోకూడదు. కరెంటు మాత్రం నాదే. అది వేడెక్కితే నాదే పూచీ అన్నారని నా ఫ్యాన్ దానివైపు తిప్పేసి నేను చెమటలు కక్కుతూ కూర్చుంటున్నాను. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చేయరు.

ఇంకో చిన్న సంగతి. నువ్వు మునుపున్న వాటాలో మొట్టమొదట వేసిన లైను ఇంకా నీ పేరు మీదే ఉండిపోయింది. ఈ మధ్య అన్నీ సర్దుతూ అది కూడా మార్చేశాను. నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అంతకంటే ఏం లేదు.

బుజ్జిదానికి కట్టు విప్పారు. అత్త మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతోంది, నువ్వు రావాలంటే ఇంకో చెయ్యి విరగ్గొట్టుకోవాలా అంటోంది. దాని నోటికి తాళం లేదు.

నీ తమ్ముడు

*

నీళ్ళ పరీక్షల ల్యాబు క్వార్టర్సు,
రెండో అంతస్తు.

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చెమట మరకలతో సహా అందింది. పోస్ట్‌మ్యాన్ నన్ను కిందికి పిలిచి మరీ ఇచ్చాడు, ఇలాంటిది ఇచ్చి చాన్నాళ్ళయిందట పాపం.

నేను ఆ వాటా ఖాళీ చేసి ఎన్నేళ్ళయిందిరా? మనిషి వెళ్ళిపోయినా పేరు అక్కడే కాపురం చేస్తోందన్నమాట! నీ బద్ధకానికి ఊరేగింపు చేయాలి. ఇంతకీ నా పేరు కొట్టేసి ఎవరి పేరు రాశావు? మా కళ్ళజోడు పేరేనా, అదే, ఆ అద్దాల షాపావిడ? ఇప్పుడక్కడ ఉంటున్నది తనూ, వాళ్ళ నాన్న పెద్దాయనే కదా.

ఆవిడ మాట ఎత్తాను కాబట్టి అడుగుతున్నాను. బుజ్జిదాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు నా కళ్ళు పరీక్ష చేసి, వారంలో కొత్త అద్దాలు పంపిస్తానంది. పంపలేదు. ఫోన్ చేస్తే మోగదు. తను మాట ఇచ్చి మరిచిపోయే మనిషి కాదు. మాట మీద నిలబడటం, నీకూ నాకూ కుదరని పని అది. కాస్త మెట్లెక్కి చూసిరా.

మరో మాట. ఆ పెట్టె, దాన్ని బిగించక ముందు జరిగినవి కూడా చూస్తుందా? ఊరికే అడుగుతున్నాను. మొన్న నువ్వే కదా గొప్పగా చెప్పావు, ఆ వాటా మెట్ల చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ బయటికి ఒకే నంబరుతో కనబడతాయి, లోపల ఎవరేం చేశారో దేవుడికి కూడా తెలియదు అని. ఇప్పటికీ అంతేనా?

ఇక్కడ పని మామూలే. సీసాల్లో నీళ్ళు రావడం, మేం చూడటం, పైవాళ్ళు రాయమన్నది రాయడం. ఒంట్లో బాగానే ఉంది.

మీ అక్క

*

ఆఫీసు గది.

అక్కా,

ఉత్తరం అందింది. కళ్ళజోళ్ళావిడ ఊళ్ళో లేదు. ఎవరో చుట్టాలింటికి వెళ్ళిందట. షాపు మూసి ఉంది. నీ అద్దాలు అక్కడే వేరేచోట చేయించుకో, ఆలస్యమైతే తలనొప్పి పట్టుకుంటుంది.

పెట్టె గురించి అడగకు. అన్నీ రాయలేను.

పని ఎక్కువగా ఉంది. ఈదురుగాలికి రెండు వీధుల్లో తీగలు తెగాయి. నిచ్చెన మీదే బతుకు తెల్లారిపోతోంది.

నీ తమ్ముడు

*

క్వార్టర్సు,
మొదటి వాన పడిన మర్నాడు.

ఏరా,

చుట్టాలింటికి వెళ్ళిందా? అబద్ధం ఆడటం కూడా చేతకాదురా నీకు. ఆవిడకి చుట్టాలెవరున్నారు? తనూ వాళ్ళ నాన్నా తప్ప ఎవరూ లేరని ఆ వీధిలో పాలు పోసేవాణ్ణి అడిగినా చెబుతాడు.

పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయనకి వినబడేలా అరిచేసరికి నా గొంతు పోయింది. తనని తీసుకెళ్ళిపోయారట. షాపుకి సీలు వేశారట. తాగే నీళ్ళలో సీసం ఉందని ల్యాబు కాగితం ఎవరో నెట్‌లో పెడితే, ఆ పెట్టింది తనేనట! కాగితం ఎవరిచ్చారో చెప్పేదాకా వదలమంటున్నారట. కళ్ళజోళ్ళు బిగించుకునే మనిషికీ ల్యాబు కాగితానికీ ఏమిట్రా సంబంధం?

ఆయన చివర్లో ఏమన్నారో తెలుసా? "మీ తమ్ముడు బంగారం అమ్మా. రోజూ వస్తాడు. నీళ్ళు పట్టి పెడతాడు, మందులు తెస్తాడు. కన్నకొడుకు కూడా ఇంత చూడడు" అన్నారు. నాకు ఏదో తేడాగా అనిపించింది. నువ్వు మంచివాడివే, కాదనను. కానీ రోజూ మెట్లెక్కి ఒకరికి నీళ్ళు పట్టేంత మంచివాడివి కాదు. నీ సంగతి నాకు తెలియదూ?

ఆవిడ ఇంటికి వెళ్ళే తీగ నీది. పేరు అడిగితే నిన్నే అడగాలి. సూటిగా అడుగుతున్నాను, నీళ్ళు నమలకు. తన పేరు ఎవరిచ్చారు?

మీ అక్క

*

ఆఫీసు గది.
తలుపు వేసుకుని రాస్తున్నాను.

అక్కా,

నేనే ఇచ్చాను.

ఈ ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇది నీకు చెప్పడం కూడా నేరమే. చదివాక కాల్చెయ్.

మా పని ఎలా జరుగుతుందో నీకు కొంత తెలుసు. నాకు బయటి నుంచి వచ్చే నంబర్లు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. అందుకని మొదట్లో మీ వాటాకి ఒక లైను లాగి, దాన్నుంచే మెట్ల చుట్టూ ఉన్న ఇళ్ళన్నిటికీ పంచేశాను. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరి ఇంట్లో పెళ్ళి సినిమా చూస్తే పక్కింట్లో నెమ్మదించేది, అంతే. లైను మాత్రం మొదట తీసుకున్న నీ పేరు మీద నడిచింది.

పెట్టె వచ్చిన వారానికే తాఖీదు వచ్చింది. ఫలానా రోజు ఫలానా నంబరు నుంచి ఒక కాగితం బయటికి వెళ్ళింది, ఆ కనెక్షన్ ఎవరిది, మర్నాడు పొద్దునకల్లా సంతకం పెట్టి చెప్పు అని. తీసి చూస్తే నీ పేరు. అక్కడ లేని మనిషివి, ఎన్నో ఏళ్ళ కిందటి పేరు, నా బద్ధకం వల్ల నువ్వు ఇరుక్కుంటావా అనిపించింది. పైగా నువ్వు సర్కారు ల్యాబులో పనిచేస్తున్నావు. నీ పేరు చూస్తే ఇంకేమీ చూడరు.

నీ పేరు తీసేసి ఆవిడ పేరు పెట్టి ఇచ్చేశాను.

ఇప్పుడు ఉంటున్నది ఆవిడే కదా, అబద్ధం ఎలా అవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమీ తెలియని మనిషి, రెండు ప్రశ్నలు అడిగి పంపించేస్తారనుకున్నాను. ఈ లైను ఇళ్ళన్నిటిదీ అని ఒక్క వాక్యం కింద రాసి ఉంటే సరిపోయేది. రాస్తే లైసెన్సు పోతుంది, అలా పంచకూడదని అదే చట్టంలో ఉంది. రాయలేదు.

వాళ్ళు వచ్చినప్పుడు నేను అక్కడే మెట్ల మీద ఉన్నాను. పై ఇంట్లో లైను పోతే చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ నన్ను చూసింది. చూసి, అమ్మయ్య అన్నట్టు ముఖం పెట్టింది. "నువ్వున్నావా, మంచిదైంది. ఇక్కడ అందరికీ ఒకటే తీగ అని వీళ్ళకి కాస్త చెప్పవా? నీకు తెలుసు కదా" అంది. అందరూ నావైపు చూశారు. నేను "చూద్దాం" అన్నాను అక్కా. చూద్దాం!

బుజ్జిది పరుగెత్తి పడ్డప్పుడల్లా కళ్ళజోడు విరగ్గొట్టుకుని వస్తే అప్పటికప్పుడు చేసి ఇచ్చేది ఆవిడ. ఇప్పుడు దాని కళ్ళజోడు చూస్తే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. పెద్దాయనకి నీళ్ళు పడుతున్నది అందుకే. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు.

ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టు.

తమ్ముడు

*

క్వార్టర్సు.

చిన్నోడా,

తిట్టడానికే కూర్చున్నాను. కలం పట్టుకుంటే ఒక్క తిట్టూ రాలేదు. ఎందుకో చెబితే నువ్వే నన్ను తిడతావు.

ఆ కాగితం పెట్టింది నేనే.

మొన్న శీతాకాలంలో మీ వైపు కొత్త పైపుల నీళ్ళు పరీక్షకి వస్తే చూసింది నేను. సీసం ఉండకూడనంత ఉంది. రాసి పైకి పంపాను. పైవాళ్ళు తిప్పి పంపి, ఇంకోసారి చూసి సరిగ్గా రాయి అన్నారు. ఇంకోసారి చూడలేదురా. వాళ్ళు చెప్పినట్టు నీళ్ళు బాగున్నాయని రాసి సంతకం పెట్టాను. ఆ నీళ్ళే బుజ్జిది తాగుతోందని తెలిసీ పెట్టాను. ఆ తర్వాత తిన్నది ఒంటికి పట్టలేదు. దాని చెయ్యి విరిగిందని మీ ఇంటికి వచ్చినప్పుడు అది నా ముందే గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి ఇంకా కావాలంది. ఆ సాయంత్రమే కళ్ళజోడు వాళ్ళింటి వరండాలో కూర్చుని అసలు కాగితం పెట్టేశాను.

ఎందుకు అక్కడ అంటే, నీ మాటలు నమ్మి. మీ మెట్ల మీద ఎవరేం చేశారో దేవుడికి కూడా తెలియదన్నావు కదా. ఇక్కడి నుంచి పెడితే దొరికిపోతాను, అక్కడి నుంచైతే మందలో కలిసిపోతాను అనుకున్నాను. ఆ లైను ఇంకా నా పేరు మీదే ఉందని కలలో కూడా అనుకోలేదు. పేరు సరిగ్గానే ఉందిరా. ఆ రోజు ఆ లైను వాడింది నేనే. నువ్వు దిద్దకముందున్నదే నిజం.

ఇంకా ఉంది. నేను పెడుతుంటే తను పక్కనే ఉంది. ఏమిటని అడిగితే చెప్పాను. "నీకు అద్దాలు మార్చాలి, మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తున్నావు" అంది, అంతే. కాగితం ఎవరిచ్చారని వాళ్ళు అడుగుతున్నది నా పేరే. తను చెప్పడం లేదు. ఒక్క మాట అంటే ఇంటికి వచ్చేస్తుంది.

పెట్టె వెనకటివి కూడా చూస్తుందా అని నేను నిన్ను అడిగింది నాకోసం. మొదటి ఉత్తరంలోనే నాకు గుబులు పట్టుకుంది. తనని తీసుకెళ్ళారని పెద్దాయన చెప్పినప్పుడు విషయం మొత్తం నాకు అర్థమైపోయింది. అయినా నీకు రాసేటప్పుడు ఏమీ ఎరగనట్టు, నువ్వే ఏదో చేసినట్టు గద్దించాను. ల్యాబు కాగితానికీ తనకీ ఏమిటి సంబంధం అని అడిగాను చూడు, ఆ వాక్యం గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలని ఉంది.

నేను వెళ్ళి చెప్పేస్తాను. చెబితే వాళ్ళు వెంటనే అడిగేది, మరి మీ తమ్ముడు ఆవిడ పేరెందుకు ఇచ్చాడు అని. అందుకే ముందు నీకు రాస్తున్నాను. మరదలితో మాట్లాడుకో. నీ జవాబు రాగానే బయలుదేరతాను.

అక్క

*

ఆఫీసు గది.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేక కాదు, రాయాలనిపించక ఆగాను.

వెంటనే వెళ్ళకు. కొన్నాళ్ళు ఆగు. ఒక లాయరుని వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆవిడ మీద గట్టిగా ఏమీ లేదు కాబట్టి నాలుగైదు నెలల్లో వాళ్ళే వదిలేస్తారన్నాడు. నువ్వు వెళితే నీకు ఉద్యోగం పోవడమే కాదు, ఏళ్ళు పడతాయి. నాకు లైసెన్సు పోతుంది, జైలు తప్పదు. బుజ్జిది చిన్నది. నీ మరదలికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆవిడకైతే వెనకా ముందూ ఎవరున్నారు, పెద్దాయన్ని నేను చూసుకుంటూనే ఉన్నాను కదా.

రాసినది మళ్ళీ చదువుకున్నాను. ఇలాంటి మాట నా చేత్తో రాశానా అనిపిస్తోంది. కొట్టేయను, ఉండనీ. నేను ఎలాంటివాణ్ణో నీకైనా తెలియాలి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నిన్ను అనుమానించలేదన్నట్టు రాశాను కదా. తాఖీదులో ఉన్న తేదీ చూడగానే, నువ్వు మా ఇంట్లో ఉన్న రోజులే అని తట్టింది. నీళ్ళ కాగితం అనగానే నీ ల్యాబు గుర్తొచ్చింది. నీకు ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే నువ్వు అవునంటావని భయపడి అడగలేదు. తెలియనట్టు ఉంటే తప్పు సగమే చేసినట్టని నా లెక్క.

తమ్ముడు

*

క్వార్టర్సు.

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. హాయిగా అనిపించింది.

తమ్ముడే వద్దంటున్నాడు, వాడి పిల్ల చిన్నది, నేనేం చేయను అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను. ఎన్నో నెలల తర్వాత బాగా నిద్రపోయాను. లేచి అద్దంలో ముఖం చూసుకుంటే అసహ్యం వేసింది. నువ్వు రాసినదాన్ని నువ్వు కొట్టేయలేదు, నేనూ ఇది కొట్టేయను.

సంచీ సర్దుకోవడం, విప్పడం, ఇదీ నా పని ఇప్పుడు. ల్యాబుకి వెళుతున్నాను, సీసాలు చూస్తున్నాను, పైవాళ్ళకి నమస్కారం పెడుతున్నాను. తను అక్కడ నోరు మూసుకుని కూర్చుంటేనే నేను ఇక్కడ ఇలా తిరగగలుగుతున్నాను. అది తెలిసి కూడా తిరుగుతున్నాను చూడు.

నువ్వు ఒకసారి వెళ్ళి తనని చూసిరా. పెద్దాయన్ని తీసుకెళ్ళు. నాకు ముఖం చెల్లడం లేదు, నువ్వైనా వెళ్ళు. ఎలా ఉందో రాయి. దాచకుండా రాయి.

అక్క

*

ఇంటి నుంచి.
వానలు వెనకబడుతున్న రోజులు.

అక్కా,

వెళ్ళాను. దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను.

పొడుగాటి గది, మధ్యలో బల్ల. ఒక పక్క మేం, ఒక పక్క వాళ్ళు. ఆవిడ కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. ఊరందరి కళ్ళజోళ్ళు బాగుచేసిన మనిషి! మరలు తిప్పే సూది లోపలికి రానివ్వరట.

పెద్దాయన కూర్చోగానే మొదలుపెట్టారు. "వీడే లేకపోతే నేనేమైపోదునో అమ్మా, నీకు తమ్ముడు లేని లోటు తీర్చాడు" అని అందరికీ వినబడేలా చెబుతున్నారు. నేను నేల చూస్తున్నాను. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని అన్నిటికీ తల ఊపింది. ఆయనకి చిన్నగా మాట్లాడితే వినబడదు కదా, ఆ చిన్న గొంతుతోనే నావైపు తిరిగి, "ఆయన్ని మెచ్చుకోనీ. ఆయనకి ఏమీ చెప్పకు" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆవిడే చెప్పింది.

"నన్ను తెచ్చిన రోజే నీ సంతకం ఉన్న కాగితం నా ముందు పెట్టారు. పొరపాటు పడి ఉంటాడు, చాలా ఇళ్ళు కదా, రేపు పొద్దున్నే వచ్చి సరిచేస్తాడు చూడండి అని వాళ్ళతో నేనే అన్నాను. మర్నాడు తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వే అనుకున్నాను. వారమంతా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను."

అరవలేదు అక్కా. తిట్టలేదు. మామూలుగా, అద్దాల నంబరు చెప్పినట్టు చెప్పింది. నేను ఏదో అనబోతే, "మీ అక్క కళ్ళు ఎలా ఉన్నాయి, తలనొప్పి తగ్గిందా?" అని అడిగింది. తల కొట్టేసినట్టయింది. అక్కడి నుంచి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఎలా బయటపడ్డానో నాకు తెలియదు. ఆయనైతే దారంతా నన్ను దీవిస్తూనే ఉన్నారు.

ఇంటికి వచ్చి నీ మరదలికి అంతా చెప్పాను. బుజ్జిదాని కళ్ళజోడు తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత, "ఆవిడ చేసిన కళ్ళజోడు పెట్టుకుని ఈ పిల్ల రోజూ బడికి వెళుతోంది. నువ్వు రోజూ చూస్తున్నావు. నీకు ముద్ద ఎలా దిగింది?" అంది.

రేపు పొద్దున్నే వెళుతున్నాను. లైను నీ పేరు మీద ఉండేదని, తీగ ఇళ్ళన్నిటిదీ అని, ఆవిడ పేరు నేనే కావాలని పెట్టానని చెప్పేస్తాను. నీకు ఈ ఉత్తరం అందేసరికి చెప్పేసి ఉంటాను. నీకోసం ఆగడం లేదు, నిన్ను రమ్మని కూడా అనడం లేదు. నీ దారి నువ్వే చూసుకో.

తమ్ముడు

*

ఇంటి నుంచి.
చలి మొదలైంది.

అక్కా,

నీకు చేరేలోపు ఈ ఉత్తరం జైలువాళ్ళు విప్పి చదువుతారట. చదవనీ, నేను వాళ్ళకి ముందే చెప్పేసినవే ఇవన్నీ. నేను వెళ్ళిన మర్నాడే నువ్వూ వచ్చేశావని, సంచీ ఒక్కటే తెచ్చుకున్నావని వాళ్ళు చెబితే తెలిసింది. మనిద్దరం ఒకే మెట్లు ఎక్కాం, కలవలేదు.

నన్ను పూచీ మీద వదిలారు. కేసు నడుస్తుంది. లైసెన్సు పోయింది, పెట్టె పట్టుకుపోయారు. ఇళ్ళన్నీ పెద్ద కంపెనీకి మారిపోయాయి. కింద సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తున్నాను, చేతికి పని ఉంది కాబట్టి మనసు కాస్త కుదురుగా ఉంటోంది. ఇక్కడివాళ్ళు ఇప్పుడు కుళాయి నీళ్ళు తాగడం లేదు. పైపులు తవ్వుతున్నారు. నీ పేరు చెప్పుకుంటున్నారు, మంచిగానే. నాది కూడా చెప్పుకుంటున్నారు, నేను రాగానే ఆపేస్తారు.

ఆవిడ వచ్చేసింది. షాపు సీలు తీశారు గానీ గిరాకీ లేదు. కేసులో తిరిగిన మనిషి దగ్గరికి ఎందుకులే అని జనం. నేను వెళ్ళలేదు, వెళ్ళే ముఖం లేదు. పెద్దాయన ఇప్పుడు నన్ను పిలవరు. ఎవరో చెప్పేసి ఉంటారు. వీధిలో ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడతారు, నేను దాటేదాకా.

మొన్న ఆవిడే షాపు దగ్గరికి వచ్చింది. నేను టైరు వదిలేసి లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో నీ తీగ ఉండిపోయింది. తీసేస్తావా?" అంది.

అందులో ఇప్పుడు ఏమీ రాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

నిచ్చెన భుజాన వేసుకుని వెంటనే వెళ్ళాను. వరండా పైనుంచి కిటికీ మీదుగా లోపలి గోడ దాకా, నువ్వున్నప్పుడు మనిద్దరం కలిసి కొట్టిన మేకులన్నీ ఒక్కొక్కటే పీకాను. మొన్నటి తుఫాను వానకి గోడ నాని ఉంది, మేకు పీకినచోటల్లా సున్నం రాలింది. నిచ్చెన అడుగు జారుతోంది. అది చూసి ఆవిడ వచ్చి కింద రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. నేను కిందికి చూడలేదు. "అక్కర్లేదు, నేను చూసుకుంటాను" అన్నాను. వదల్లేదు. చివరి మేకు దాకా అలాగే పట్టుకుని నిలబడింది.

నేను దిగాక చేతులకంటిన సున్నం దులుపుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నీ తమ్ముడు